ఓమ్ నియమం: విద్యుత్ వలయం అనే భావన ఏర్పడిన తీరు

పాఠ్యపుస్తకాలలో ఓమ్ నియమం ఒక్క వాక్యంలో ముగుస్తుంది. ఉష్ణోగ్రత మారనంత వరకు ఒక లోహ వాహకంలోని విద్యుత్ ప్రవాహం, దాని కొనల మధ్య ఉన్న పొటెన్షియల్ భేదానికి అనులోమానుపాతంలో ఉంటుంది. ఆ అనుపాత స్థిరాంకమే నిరోధానికి ఆధారం. ప్రయోగశాల తరగతులలో మీరు అమ్మీటర్‌ను శ్రేణిలోను, వోల్ట్‌మీటర్‌ను సమాంతరంగాను కలిపి, రియోస్టాట్‌ను జరుపుతూ ఐదారు రీడింగులు తీసుకుంటారు. గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. అరగంట పని.

ఇంత తేలికైన విషయాన్ని కనుక్కోవడానికి, వోల్టా బ్యాటరీ వచ్చిన తరువాత పాతికేళ్ళు ఎందుకు పట్టింది? కనుక్కున్న తరువాత శాస్త్రలోకం ఒప్పుకోవడానికి మరో పదిహేనేళ్ళు ఎందుకు పట్టింది? ఈ వ్యాసంలో మనం పరిశీలించే ప్రశ్నలు ఇవే.

జవాబులో ఒక ముక్క మీ ప్రయోగశాల బల్ల మీదే ఉంది. మీరు వాడే ముల్లు వోల్ట్‌మీటర్ నిజానికి ఒక గాల్వనామీటర్. దానికి శ్రేణిలో ఎక్కువ నిరోధాన్ని కలిపి, ఓమ్ నియమాన్ని ముందే నమ్మి, దాని స్కేలు మీద వోల్టులు రాశారు. అంటే నియమాన్ని సరిచూడడానికి మనం వాడే పరికరంలోనే ఆ నియమం దాగి ఉంది. 1826లో ఓమ్ దగ్గర అటువంటి పరికరం లేదు, ఉండే వీలూ లేదు. వోల్టేజి, ప్రవాహం, నిరోధం అనే మూడు రాశులు ముందే సిద్ధంగా ఉంటే వాటి మధ్య సంబంధాన్ని ఆయన వెదికాడని అనుకోవడం పొరపాటు. ఆ సంబంధం దొరికిన తరువాతనే ఆ మూడు రాశులకూ స్పష్టమైన అర్థం వచ్చింది.

4.1 వోల్టా దొంతర: రెండు వేర్వేరు శాస్త్రాలు

1791లో బొలోన్యా నగరపు శరీరనిర్మాణ శాస్త్రవేత్త లుయీజీ గాల్వానీ కప్ప కాళ్ళ మీద చేసిన ప్రయోగాలను ప్రచురించాడు. రెండు లోహాలు తగిలినప్పుడు కండరం ముడుచుకోవడానికి కారణం జంతువులోని విద్యుత్తేనని ఆయన వాదం. పావియా విశ్వవిద్యాలయంలోని అలెస్సాండ్రో వోల్టా దీన్ని ఒప్పుకోలేదు. విద్యుత్తు కప్పలో లేదు, రెండు లోహాల కలయికలో ఉందన్నాడు. ఆ వాదాన్ని నిలబెట్టుకునే ప్రయత్నంలో వెండి, జింకు బిళ్ళలను జతలు జతలుగా పేర్చి, జతకూ జతకూ మధ్య ఉప్పునీటిలో తడిపిన అట్టముక్కలు పెట్టాడు. ఈ దొంతర సంగతిని 1800 మార్చి 20న లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఉత్తరంగా రాశాడు.

అప్పటిదాకా విద్యుత్తు అంటే గాజుకడ్డీని రుద్దితే పుట్టి, లీడెన్ జాడీలో నిలువ ఉండి, ఒక్క మెరుపుతో ఖర్చయిపోయే వస్తువు. దొంతర విద్యుత్తు అలా అయిపోలేదు. తీగ కలిపి ఉంచినంతసేపు ఏదో ఒకటి జరుగుతూనే ఉంది. నీరు విడిపోతోంది, తీగ వేడెక్కుతోంది. ఈ 'ఏదో' ఏమిటన్నది ఇరవై ఏళ్ళ పాటు తేలలేదు.

1820లో కోపెన్‌హాగెన్‌లో హాన్స్ క్రిస్టియన్ ఓర్‌స్టెడ్ విద్యుత్తు సాగే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడాన్ని ప్రకటించాడు. ఆ వార్త పారిస్ చేరిన కొద్ది వారాలలోనే ఆంద్రే మరీ ఆంపియర్ ఒక ముఖ్యమైన విభజన చేశాడు. తీగ కలపని దొంతర కొనల దగ్గర విద్యుద్దర్శిని రేకులు విడిపోతాయి. అది విద్యుత్ టెన్షన్. తీగ కలిపితే సూది తిరుగుతుంది. అది విద్యుత్ ప్రవాహం. ఇంతవరకు చక్కగానే ఉంది. అయితే తీగ కలపగానే టెన్షన్ మాయమవుతుంది, లేదా లెక్కకు రానంత తగ్గిపోతుంది అని కూడా ఆంపియర్ భావించాడు. ఆ కాలపు విద్యుద్దర్శినితో చూస్తే అలాగే కనిపిస్తుంది కూడా. దీని ఫలితంగా రెండు రాశులూ ఎన్నడూ ఒకేచోట కలవని దాయాదులయ్యాయి. ఒకటి తెరిచిన బ్యాటరీ లక్షణం, మరొకటి మూసిన తీగ లక్షణం. తీగ పొడవునా టెన్షన్ క్రమంగా తగ్గుతూ పోతుందనే భావనకు ఇందులో చోటే లేదు. ఆంపియర్ వంటి మేధావికి ఈ నియమం ఎందుకు దొరకలేదో దీన్ని బట్టి ఊహించవచ్చు.

4.2 కొలోన్ పాఠశాలలో ఎనిమిది తీగలు

గెయార్గ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. సొంతంగా గణితం నేర్చుకుని కొడుకులకు తానే బోధించిన మనిషి. ఓమ్ తమ్ముడు మార్టిన్ కూడా తరువాత పేరున్న గణితశాస్త్రవేత్త అయ్యాడు. ఓమ్‌కు తండ్రి నుంచి రెండు అబ్బాయి: ఒకటి గణితం, రెండోది లోహాన్ని చేతితో మలిచే నేర్పు. రెండోదాన్ని జీవితచరిత్రలు అంతగా పట్టించుకోవు గాని, ఈ కథలో దాని విలువ తక్కువది కాదు.

1817 నుంచి ఆయన కొలోన్‌లోని ఒక ఉన్నత పాఠశాలలో గణితం, భౌతికశాస్త్రం బోధించేవాడు. అక్కడి ప్రయోగశాల బాగుండేది. 1825లో చేసిన మొదటి ప్రయోగాలలో వోల్టా రకం బ్యాటరీకి వేర్వేరు పొడవుల తీగలు కలిపి, ముల్లు మీద పడే బలం ఎంత తగ్గుతోందో చూశాడు. ఫలితాలకు సంవర్గమానంతో కూడిన ఒక సూత్రాన్ని ప్రచురించాడు. అది సరైనది కాదు. లోపం లెక్కలో లేదు, బ్యాటరీలో ఉంది. ఆనాటి బ్యాటరీలు తీగ కలిపిన క్షణంలో ఉవ్వెత్తున లేచి, తరువాత ధ్రువణం వల్ల నీరసించిపోయేవి. ఒక రీడింగుకూ తరువాతి రీడింగుకూ మధ్య మూలమే మారిపోతుంటే పొడవు ప్రభావాన్ని ఎలా వేరుచేయడం?

పరిష్కారం ఒక పత్రికా సంపాదకుడి నుంచి వచ్చింది. భౌతికశాస్త్ర పత్రిక సంపాదకుడు పోగెన్‌డార్ఫ్, బ్యాటరీకి బదులు ఉష్ణయుగ్మం వాడి చూడమని సలహా ఇచ్చాడు. రెండు లోహాల సంధులను వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద ఉంచితే ప్రవాహం పుడుతుందని సీబెక్ అప్పటికి కొన్నేళ్ళ ముందే కనుగొన్నాడు. ఓమ్ బిస్మత్, రాగి కలిపి యుగ్మం చేశాడు. ఒక సంధిని మరిగే నీటిలో, రెండోదాన్ని కరిగే మంచులో ఉంచాడు. నీరు మరుగుతున్నంతసేపు, మంచు కరుగుతున్నంతసేపు ఆ రెండు ఉష్ణోగ్రతలూ కదలవు, కాబట్టి మూలం కూడా కదలదు. కొలవడానికి కూలుమ్ పద్ధతిలో ఒక విమోటన త్రాసు తయారుచేసుకున్నాడు. సన్నని తీగకు అయస్కాంత సూదిని వేలాడదీసి, ప్రవాహం దాన్ని తిప్పినప్పుడు తీగను ఎంత మెలితిప్పితే సూది మళ్ళీ మొదటి స్థానానికి వస్తుందో చదవడమే దాని పద్ధతి.

ఒకే మందం గల ఎనిమిది రాగి తీగలను ఒకదాని తరువాత ఒకటి కలిపి చూశాడు. 1826 జనవరి 8న వచ్చిన రీడింగులలో కొన్ని ఇవి. పొడవు ఆనాటి అంగుళాలలో ఉంది, రీడింగు త్రాసు స్కేలు మీది సంఖ్య.

పొడవు 2: రీడింగు 326¾
పొడవు 6: రీడింగు 277¾
పొడవు 18: రీడింగు 190¾
పొడవు 34: రీడింగు 134½
పొడవు 130: రీడింగు 48½

పొడవు 2 నుంచి 6కు, అంటే మూడింతలు పెరిగితే రీడింగు మూడో వంతుకు పడిపోలేదని గమనించండి. అది కొంచెమే తగ్గింది. 'పొడవుకు విలోమానుపాతం' అనే సులభమైన ఊహ ఇక్కడ చెల్లదు. ఓమ్ చేరుకున్న సూత్రం ఇది:

రీడింగు = క ÷ (చ + పొడవు)

ఇందులో 'క' విలువ 7285, 'చ' విలువ 20¼. ముందుకు వెళ్ళే ముందు మీరే లెక్కించి చూడండి. పొడవు 18 అయితే 7285ను 38.25తో భాగించాలి; 190.5 వస్తుంది. పొడవు 130 అయితే 150.25తో భాగించాలి, 48.5 వస్తుంది. రెండు శతాబ్దాల కిందట ఒక పాఠశాల ఉపాధ్యాయుడు చేతితో చేసుకున్న పరికరం ఇంత దగ్గరగా వచ్చింది.

'చ' అంటే ఏమిటి? తీగను పూర్తిగా తీసేసి, మూలం కొనలను నేరుగా కలిపినా మిగిలి ఉండే అడ్డంకి అది. యుగ్మం లోపలి లోహాలు, కలపడానికి వాడిన భాగాలు, అన్నీ కలిసి 20¼ అంగుళాల రాగి తీగకు సమానమైన అడ్డును ఇస్తున్నాయి. నేడు దాన్నే అంతర్నిరోధం అంటాం. 'క' సంగతి తేల్చడానికి ఓమ్ మరో మెట్టు ఎక్కాడు. మరిగే నీటికి బదులు ఒక సంధిని గది ఉష్ణోగ్రత వద్ద ఉంచి కొలతలన్నీ మళ్ళీ తీశాడు. 'క' బాగా పడిపోయింది. 'చ' మాత్రం మారలేదు. నా అభిప్రాయంలో ఈ రెండో వరుస రీడింగులే మొత్తం పరిశోధనకు గుండెకాయ. ఉష్ణోగ్రత భేదం తగ్గితే తగ్గేది మూలం తోసే శక్తి, మనం విద్యుచ్ఛాలక బలం అనేది. వలయం అడ్డుకునే గుణం మాత్రం దానితో నిమిత్తం లేకుండా అలాగే ఉంటుంది. రెండు వేర్వేరు రాశులు ఒకే సూత్రంలో, ఒకటి భాగహారానికి పైన, మరొకటి కింద నిలబడ్డాయి.

ఇంకొక విషయం. ఆ సూత్రంలో తీగా మూలమూ కలిసి ఒకే కూడికలో ఉన్నాయి. ప్రవాహానికి మూలం లోపలా బయటా ఒకటే. అడ్డు ఎక్కడ ఉన్నా మొత్తం ప్రవాహం మీద దాని ప్రభావం పడుతుంది. 'వలయం' అనే మాటకు నేటి అర్థం ఇక్కడ పుట్టింది.

ఇది మీకు కొత్త అనుభవమేమీ కాదు. టార్చిలైటులోని పాత సెల్‌లను మల్టీమీటర్‌తో చూస్తే ఒక్కోసారి దాదాపు నిండు వోల్టేజి చూపిస్తాయి, బల్బు పెడితే మాత్రం మినుకుమినుకుమంటుంది. మల్టీమీటర్ తీసుకునే ప్రవాహం అత్యల్పం కాబట్టి సెల్ లోపలి అడ్డు బయటపడదు. బల్బు అడిగే ప్రవాహానికి బయటపడుతుంది. సెల్ పాతబడే కొద్దీ పెరిగేది ఓమ్ సూత్రంలోని 'చ'.

4.3 పుస్తకం, దానికి దక్కిన ఆదరణ

ఓమ్ సగం జీతంతో సెలవు తీసుకుని బెర్లిన్ వెళ్ళి, 1827లో విద్యుత్ వలయాన్ని గణితపరంగా వివరించే పుస్తకాన్ని అచ్చువేయించాడు. 1822లో వచ్చిన ఫూరియే ఉష్ణ సిద్ధాంతం ఆయనకు నమూనా. కడ్డీ ఒక కొస వేడిగా, మరో కొస చల్లగా ఉంటే మధ్యలో ఉష్ణోగ్రత క్రమంగా తగ్గినట్లే, మూసిన వలయంలో కూడా టెన్షన్ తీగ పొడవునా క్రమంగా తగ్గుతుందని, ఆ వాలు ప్రవాహాన్ని నిర్ణయిస్తుందని వాదించాడు. ఆంపియర్ మాయమైందన్నది ఓమ్ దృష్టిలో మాయం కాలేదు, తీగ వెంబడి పరుచుకుంది.

ఓమ్‌ను జర్మనీ అంతా ఎగతాళి చేసిందనీ, ఆయన ఆకలితో అలమటించాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. అందులో కొంత అతిశయోక్తి. బెర్లిన్‌లోని పోల్ వంటి విమర్శకులు పుస్తకాన్ని తీసిపారేసిన మాట నిజం. ఆశించిన విశ్వవిద్యాలయ పదవి రాక ఓమ్ 1828లో కొలోన్ ఉద్యోగానికి రాజీనామా చేసి, బెర్లిన్‌లో చిన్న బోధనా పనులతో కొన్నేళ్ళు గడిపిన మాటా నిజం. అయితే లైప్‌జిగ్‌లో ఫెక్‌నర్ 1831 నాటికే ఆ నియమాన్ని ప్రయోగాలతో సమర్థించాడు. ఎక్కువమంది పట్టించుకోకపోవడానికి పగ కంటే మామూలు కారణమే ఉంది. పుస్తకం నిండా గణితమే ఉంది. నమ్మకం కలిగించగల ఎనిమిది తీగల ప్రయోగం అంతకుముందు సంవత్సరపు పత్రికా వ్యాసంలో ఉండిపోయింది. గణితం రాని ప్రయోగకారులకు పుస్తకం కొరుకుడు పడలేదు. ఇంగ్లీషు అనువాదం 1841లో గాని రాలేదు. అదే సంవత్సరం రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చింది. అప్పటికి ఆయన నురెంబర్గ్ పాలిటెక్నిక్‌లో ఆచార్యుడు. విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్య పదవి మ్యూనిక్‌లో 1852లో దక్కింది. రెండేళ్ళ తరువాత మరణించాడు.

సిద్ధాంతంలో ఒక లొసుగు కూడా ఉంది. టెన్షన్ అంటే తీగలో విద్యుత్తు చిక్కదనం అని ఓమ్ అనుకున్నాడు. 1845లో, 21 ఏళ్ళ వయసులో, కోనిగ్స్‌బర్గ్ విద్యార్థిగా ఉంటూ శాఖలున్న వలయాలకు నియమాలు ఇచ్చిన కిర్కాఫ్, 1849లో ఈ లొసుగును సరిచేశాడు. తీగ వెంబడి తగ్గేది చిక్కదనం కాదనీ, స్థిర విద్యుత్ శాస్త్రంలోని పొటెన్షియలేననీ చూపాడు. విద్యుద్దర్శిని చెప్పే టెన్షన్, వలయంలోని వోల్టేజి ఒకే రాశి అని అప్పుడు నిర్ధారణ అయింది. ఆంపియర్ వేరుచేసిన దాయాదులు కలవడానికి దాదాపు ముప్పై ఏళ్ళు పట్టింది.

4.4 ముందే తెలిసి, పెట్టెలో ఉండిపోయిన ఫలితం

ఓమ్‌కు 45 ఏళ్ళ ముందే ఈ అనుపాతాన్ని ఒకరు గమనించారు. లండన్ నివాసి హెన్రీ కేవెండిష్‌కు గాల్వనామీటర్ లేదు, బ్యాటరీ లేదు. ఆయన లీడెన్ జాడీలను ఉప్పునీటి గొట్టాల గుండా, ఆపై తన శరీరం గుండా విడుదల చేసి, తగిలిన షాకుల తీవ్రతను పోల్చుకునేవాడు. రెండు షాకులు సమానమయ్యే దాకా గొట్టంలో నీటి పొడవును మార్చేవాడు. ఈ పద్ధతితోనే ఇనుప తీగ వాననీటికన్నా సుమారు 40 కోట్ల రెట్లు మంచి వాహకమని లెక్కగట్టాడు. 1781లో, అడ్డంకి ప్రవాహపు మొదటి ఘాతానికి అనుపాతంలో ఉందని, అంటే నేటి మాటలో ఓమ్ నియమాన్ని, రాసుకున్నాడు. ప్రచురించలేదు. ఆ కాగితాలను మాక్స్‌వెల్ సంపాదకత్వంలో 1879లో అచ్చువేసే నాటికి ఓమ్ మరణించి పాతికేళ్ళు. ప్రచురించని ఫలితం ఎంత గొప్పదైనా ఎవరి పనికీ పునాది కాలేదు. అందుచేత నియమానికి ఓమ్ పేరు ఉండడమే న్యాయం.

4.5 టెలిగ్రాఫ్ నేర్పిన పాఠాలు

పండితులు ఒప్పుకోవడంలో చేసిన ఆలస్యానికి ధర చెల్లించినవారు టెలిగ్రాఫ్ నిర్మాతలు. 1825లో ఇంగ్లండులోని పీటర్ బార్లో, కేవలం 200 అడుగుల తీగకే ప్రభావం స్పష్టంగా తగ్గిపోవడం చూసి, విద్యుత్ టెలిగ్రాఫ్ సాధ్యం కాదని ప్రకటించాడు. 1831లో అమెరికాలోని ఆల్బనీలో జోసెఫ్ హెన్రీ మైలు పైచిలుకు తీగతో గంట మోగించాడు. ఇద్దరూ చూసింది నిజమే.

ఓమ్ సూత్రంతో ఈ చిక్కు విడిపోతుంది. మూలం లోపలి అడ్డు 1 అనుకోండి. బయట 10 కలిపితే మొత్తం 11 అవుతుంది, ప్రవాహం పదకొండో వంతుకు పడిపోతుంది. లోపలి అడ్డు 100 అయితే అదే 10 కలిపినప్పుడు ప్రవాహం పదో వంతు కూడా తగ్గదు. చిన్న చిన్న సెల్‌లను ఎక్కువ సంఖ్యలో శ్రేణిలో పెడితే లోపలి అడ్డుతో పాటు తోసే శక్తి కూడా పెరుగుతుంది కాబట్టి, అటువంటి బ్యాటరీ పొడవాటి తీగకు తగినది. హెన్రీ ఈ సంగతిని ఓమ్ సూత్రం తెలియకుండానే చేతి అనుభవంతో పట్టుకున్నాడు. మన దేశంలో 1839లోనే కలకత్తాలో విలియం ఓషానెస్సీ 21 మైళ్ళ తీగ మీద ప్రయోగాలు చేశాడు.

అసలు దెబ్బ అట్లాంటిక్ సముద్రంలో తగిలింది. 1858 ఆగస్టులో ఐర్లండ్, న్యూఫౌండ్‌లాండ్‌ల మధ్య సముద్రగర్భ కేబుల్ పూర్తయింది. 3,50,000 పౌండ్ల మూలధనం పెట్టిన పని. విక్టోరియా రాణి పంపిన 98 మాటల సందేశం చేరడానికి 16 గంటలు పట్టింది. సంస్థ విద్యుత్ నిపుణుడు వైల్డ్‌మన్ వైట్‌హౌస్ చదువు రీత్యా శస్త్రవైద్యుడు. సంకేతం బలహీనంగా ఉంటే వోల్టేజి పెంచాలన్నది ఆయన నమ్మకం. పెద్ద ప్రేరణ తీగచుట్టలతో సుమారు 2,000 వోల్టులు ప్రయోగించాడు. విలియం థామ్సన్, తరువాతి కాలపు లార్డ్ కెల్విన్, అతి స్వల్ప ప్రవాహాన్ని పసిగట్టే దర్పణ గాల్వనామీటర్ కావాలన్నాడు. కొన్ని వారాలలోనే కేబుల్ మూగబోయింది. తప్పంతా వైట్‌హౌస్ నెత్తిన వేయడం సరికాదు. కేబుల్ తయారీలోనూ, నిలువ ఉంచడంలోనూ అప్పటికే లోపాలున్నాయి. బలహీనమైన బంధకానికి ఆ వోల్టేజి గొడ్డలిపెట్టు అయింది.

తరువాత జరిగిన విచారణలో ఒక ఇబ్బందికరమైన సంగతి బయటపడింది. ఈ కేబుల్ నిరోధం ఎంత అని అడిగితే అందరికీ ఒకేలా అర్థమయ్యే జవాబు లేదు. ఒకరు ఫలానా మందం గల రాగి తీగ ఇన్ని మైళ్ళు అంటారు. ఇంకొకరి దగ్గర యాకోబీ 1848లో పంచిపెట్టిన నమూనా తీగ ఉంటుంది. వెర్నర్ సీమెన్స్ 1860లో సూచించిన ప్రమాణం ఒక మీటరు పొడవు, ఒక చదరపు మిల్లీమీటరు అడ్డుకోత గల పాదరస స్తంభం. రాగి స్వచ్ఛతను బట్టి నిరోధం ఎంతో మారుతుంది కాబట్టి ఒకరి మైలు మరొకరి మైలు కాదు. సముద్రం అడుగున కేబుల్ ఎక్కడ తెగిందో ఒడ్డు నుంచి నిరోధం కొలిచి చెప్పాలి. కొలమానమే తేడా అయితే ఓడ వెళ్ళి తప్పు చోట వెదుకుతుంది.

1861లో బ్రిటిష్ అసోసియేషన్ థామ్సన్ చొరవతో నిరోధ ప్రమాణాల సంఘాన్ని ఏర్పాటు చేసింది. మాక్స్‌వెల్ కూడా తరువాత అందులో పనిచేశాడు. అదే సంవత్సరం లాటిమర్ క్లార్క్, చార్లెస్ బ్రైట్ అనే ఇద్దరు ఇంజనీర్లు ప్రమాణాలకు శాస్త్రవేత్తల పేర్లు పెడదామని ప్రతిపాదించారు. వారి పట్టికలో 'వోల్ట్' నిరోధానికి ప్రమాణం! పేర్లు నేటి స్థానాల్లో కుదురుకున్నది 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభలో. నిరోధానికి ఓమ్, విద్యుచ్ఛాలక బలానికి వోల్ట్, ప్రవాహానికి ఆంపియర్ అని అక్కడ నిర్ణయించారు. ఒక ఓమ్ అంటే ఎంతో చేతికందే వస్తువుగా చూపించడానికి మాత్రం సీమెన్స్ పాదరసమే అక్కరకు వచ్చింది. 1893లో చికాగోలో అంగీకరించిన నిర్వచనం ప్రకారం, సున్నా డిగ్రీల వద్ద 14.4521 గ్రాముల ద్రవ్యరాశి, 106.3 సెంటీమీటర్ల పొడవు, అంతటా ఒకే అడ్డుకోత గల పాదరస స్తంభం ఇచ్చే నిరోధమే ఒక ఓమ్.